వత్తులు రాని మూడో క్లాసు పాప, బ్లౌజులు కుట్టే అమ్మ, ఆటో నడిపే నాన్న: ఒక కేస్ స్టడీ

నేను చదువులో వెనకబడిన పిల్లలతో పని చేసే టీచర్ని. నాకు సెంటర్ అంటూ ఏమీ లేదు, ఇళ్ళకెళ్ళి తల్లిదండ్రులతో కూర్చుంటాను, పిల్లలకి నేను పాఠం చెప్పేది తక్కువ, ఇంట్లోవాళ్ళు ఎలా చెప్పాలో చూపించేది ఎక్కువ. ఈ కేసు హైదరాబాద్ బోరబండలో ఒక ఇంటిది. వాళ్ళ పర్మిషన్ తీసుకునే రాస్తున్నా, పేర్లు పెట్టట్లేదు, పాప అనే అంటాను.

కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఎందుకంటే "ఇంట్లో క్రియేటివ్‌గా ఎలా నేర్పాలి మేడం" అని అడిగేవాళ్ళు రోజూ ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ళకి ఒక లిస్టు ఇచ్చేస్తే సరిపోతుందనుకుంటారు. ఐడియాలు ఫోన్ తీస్తే వంద దొరుకుతాయి. కానీ పిల్ల సరిగ్గా ఎక్కడ ఆగిపోయిందో చూడకుండా ఏ ఐడియా పట్టుకున్నా నాలుగు రోజులు సరదాగా ఉండి పోతుంది అంతే. ఎక్కడ ఆగిందో తెలిశాక మాత్రం దానికి సరిపోయే పని ఇంట్లో ఆల్రెడీ రోజూ జరుగుతూనే ఉంటుంది, ఆ పనిలో పిల్లకి నిజమైన వాటా ఇవ్వడమే మిగిలేది.

కేసు వివరాలు

పాపకి 8 ఏళ్ళు నిండాయి, మూడో క్లాసు, ఇంగ్లీష్ మీడియం ప్రైవేట్ స్కూలు. అమ్మ తెలుగు మీడియంలో పదో తరగతి వరకు చదివింది, ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది, చీరలకి ఫాల్స్ వేస్తుంది. నాన్న ఆటో నడుపుతాడు, పొద్దున పాపని స్కూల్లో దింపి అటునుంచి అటే వెళ్ళిపోతే మళ్ళీ రాత్రి తొమ్మిది దాటాకే ఇంటికి. నానమ్మ నల్గొండ వైపు ఊరి నుంచి వచ్చి వీళ్ళతోనే ఉంటుంది, చదువుకోలేదు. రెండు గదుల ఇల్లు, ముందు గదిలో మిషన్, కటింగ్ టేబుల్, మూలకి పాప పుస్తకాల బ్యాగు.

స్కూల్ డైరీలో రీడింగ్ పూర్, మ్యాథ్స్ పూర్ అని వస్తూనే ఉంది, ట్యూషన్ మార్చారు, తేడా రాలేదు. హోంవర్క్ ఎప్పుడు చేయిస్తారు అని అడిగితే అమ్మ చెప్పింది, కస్టమర్లు వెళ్ళాక రాత్రి తొమ్మిదికి మొదలుపెడతాం మేడం, పది దాటుతుంది, అది ఏడుస్తది, నాకు కోపం వస్తది, స్కేలుతో ఒకటి వేస్తా, మళ్ళీ నేనే ఏడుస్తా. "మాకా ఇంగ్లీష్ రాదు, మేమేం చెప్తాం మేడం, మా వల్లనే దాని చదువు ఖరాబైతోంది" అని కూడా అన్నది. ఆ మాట ఈ సిటీలో ఎన్ని ఇళ్ళలో విన్నానో, విన్న ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే అది నిజం కాదు.

మొదట కళ్ళు, చెవులు చెక్ చేయించమన్నాను. ఇది ఎవరికైనా మొదటి పనే, బోర్డు కనపడక వెనకబడ్డ పిల్లల్ని మొద్దు అనేయడం చాలాసార్లు చూశాను. మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు, చూపు బానే ఉంది, వినికిడి కూడా నార్మల్.

ఏం వచ్చు, ఎక్కడ ఆగింది

నేను చేసే చెకింగ్ సింపుల్‌గా ఉంటుంది. పిల్లల చదువు మీద పని చేసే ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే గురించి వినే ఉంటారు, అందులో పిల్లల చేత అక్షరాలు, పదాలు, ఒకటో క్లాసు స్థాయి చిన్న పేరా, రెండో క్లాసు స్థాయి కథ చదివిస్తారు, ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి. నేనూ దాదాపు అలాగే చేస్తాను, కాకపోతే పిల్ల తప్పు చదివినప్పుడు ఆ తప్పుని అలాగే రాసుకుంటాను. ఎన్ని తప్పులు అన్నదానికంటే ఏ తప్పు అన్నదే నాకు పనికొస్తుంది.

తెలుగులో పాపకి అక్షరాలన్నీ వచ్చు. క గుణింతం క కా కి కీ అని గడగడా చెప్పేసింది. కానీ ఒక కాగితం మీద "కీ" ఒక్కటే రాసి చూపిస్తే ఆగిపోయింది, వేళ్ళ మీద క, కా, కి, కీ అని లెక్కపెట్టుకుంటూ నాలుగో వేలికి వచ్చాక "కీ" అన్నది. బడి, పలక, మేక లాంటివి నెమ్మదిగా చదివింది. వత్తు వస్తే దాన్ని కంటితో దాటేస్తోంది, అక్కని అక అని, చెట్టుని చెటు అని.

లెక్కల్లో 62 లోంచి 37 తీసెయ్ అంటే 35 వేసింది. అంటే 2 లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7 లోంచి 2 తీసేసింది, చాలామంది పిల్లలు చేసేదే. నూట ఐదు రాయమంటే 1005 రాసింది, వందకి 100, పక్కన 5, విన్నది విన్నట్టు. పది వరకు ఎక్కాలు పాటలా వచ్చు, కానీ ఏడారులు ఎంత అంటే ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టి అక్కడిదాకా నడుచుకుంటూ రావాల్సిందే.

ఇంగ్లీషులో పాఠం పేజీ మొత్తం వచ్చినట్టే చదివింది. నేను అదే పేజీలో మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి ఇదేంటి అంటే, వాక్యం మొదటికెళ్ళి అక్కడ్నుంచి చెప్పుకుంటూ వచ్చింది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటే కనపడింది. గుణింతం, ఎక్కాలు, ఇంగ్లీష్ పాఠం, మూడూ వరసలో వచ్చు, మధ్యలోంచి అడిగితే రావు. స్కూల్లో, ట్యూషన్లో, ఇంట్లో అందరూ దీన్ని వరసలోనే అడిగారు, వరసలో చెప్పింది కాబట్టి వచ్చు అనుకున్నారు, పరీక్షలో రాకపోతే శ్రద్ధ లేదు అనుకున్నారు. ఈ పాపకి జ్ఞాపకశక్తి తక్కువ కానే కాదు, ఇంత పొడుగు వరసలు గుర్తుపెట్టుకుంది అంటే ఎక్కువే.

సో దీనికి కావాల్సింది వరస లేకుండా, ఎటునుంచి పడితే అటునుంచి అడిగే ప్రాక్టీస్. దాని కోసం నేను వర్క్‌షీట్లు ఇవ్వొచ్చు. కానీ ఇంటి పని మామూలుగానే వరస లేకుండా అడుగుతుంది, కస్టమర్ నడుము కొలత ఎక్కాల ఆర్డర్లో రాదు, బస్సు బోర్డు గుణింతం ఆర్డర్లో రాదు. అందుకే ఈ ఇంట్లో ఏయే పనులున్నాయో చూసి ఒక్కో గ్యాప్‌కి ఒక్కో పని పెట్టుకున్నాం.

వత్తులకి: నాన్న గిరాకీలు

ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. హైదరాబాద్ ఏరియాల పేర్లు ఒకసారి తెలుగులో రాసి చూడండి, వత్తుల వాచకం అంతా అందులోనే ఉంది. పంజాగుట్టలో ట్ట, గచ్చిబౌలిలో చ్చి, చిక్కడపల్లిలో క్క, ఉప్పల్‌లో ప్ప, అత్తాపూర్‌లో త్తా, నల్లకుంటలో ల్ల, ఎర్రగడ్డలో ర్ర, డ్డ రెండూ.

వత్తుల్లో పిల్లలకి కష్టం ఎక్కడొస్తుందంటే, చాలా హల్లులకి వత్తు దాదాపు అదే అక్షరం, తలకట్టు తీసేసి కింద పెట్టినట్టు ఉంటుంది. కానీ త, న, మ, య, ర, ల, వీటి వత్తులకి అక్షరంతో పోలికే ఉండదు, వాటిని కొత్త అక్షరాల్లా విడిగా నేర్చుకోవాలి. బళ్ళో అన్నీ కలిపి ఒక వారంలో చెప్పేస్తే ఈ రెండు రకాలు కలగాపులగం అయిపోతాయి. అందుకని మూడు మెట్లు చేసుకున్నాం. ముందు పోలిక ఉన్నవి, అదే అక్షరానికి అదే వత్తు: పంజాగుట్ట, మెట్టుగూడ, గచ్చిబౌలి, బొగ్గులకుంట. తర్వాత పోలిక లేనివి, కానీ అదే అక్షరానికి: అత్తాపూర్, కొత్తపేట, నల్లకుంట, నాంపల్లి, అమ్ముగూడ. చివర్లో ఒక అక్షరానికి ఇంకో వత్తు: సికింద్రాబాద్, విద్యానగర్, తార్నాక, జూబ్లీహిల్స్, చైతన్యపురి. ఈ మూడో మెట్టు దగ్గర ఎక్కువ టైం పట్టింది, పట్టనివ్వాలి కూడా.

ఆటోలో వెళ్తూ షాపు బోర్డులు చదివించడం నాన్న ముందునుంచే చేస్తున్నాడంట. అది ఎందుకు పని చెయ్యలేదంటే బోర్డు రంగు, బొమ్మ చూసి పాప గెస్ చేస్తోంది, బస్సు అయితే నంబర్ చూసి చెప్పేస్తోంది, 218 కనపడగానే పటాన్‌చెరు కోఠి అంటది, అక్షరం వైపు చూడదు. పైగా బండి కదులుతుంటే చదవడానికి టైం ఎక్కడిది. అందుకని బోర్డులు పక్కన పెట్టి పేర్లని కాగితం మీదకి తెచ్చాం. పాత క్యాలెండర్ వెనకవైపు అమ్మ పెద్ద అక్షరాలతో రాసి, పేరుని రెండు ముక్కలు చేసి కత్తిరించింది, పంజా ఒక ముక్క, గుట్ట ఒక ముక్క. ఎర్ర, గడ్డ. మెట్టు, గూడ. చిక్కడ, పల్లి. కొత్త, పేట. ఇక్కడ ఒక లాభం ఉంది, గూడ, పేట, పల్లి, నగర్, బాద్ అనేవి మళ్ళీ మళ్ళీ వస్తాయి, అవి కొన్నాళ్ళకి ఒక్క చూపులో చదివే ముక్కలైపోతాయి, అప్పుడు పిల్ల శక్తి అంతా ముందు ముక్క మీద పెట్టొచ్చు.

ఆ తర్వాత ముక్కలు కలిపేసి లేని ఊళ్ళు తయారు చెయ్యమన్నాను. పంజాపల్లి, ఎర్రగూడ, చిక్కడబాద్. పాప పడీ పడీ నవ్వేది. నవ్వు కోసమే చేసింది కాదు ఇది, లేని పేరుని ఎవరూ బట్టీ పట్టలేరు, వత్తు చూసి చదవాల్సిందే, చదవగలిగితే నిజంగా వచ్చినట్టు.

నాన్నకి టైం లేదన్నది అసలు సమస్య. దానికి ఆయనే దారి చెప్పాడు. మధ్యాహ్నం స్టాండ్‌లో ఖాళీగా ఉన్నప్పుడు ఆ రోజు గిరాకీలు ఎక్కడెక్కడికి పోయినవో అమ్మ ఫోన్‌కి వాయిస్ మెసేజ్ పెడతాడు, "బిడ్డా, ఫస్ట్ గిరాకీ అమీర్‌పేట, రెండోది మెట్టుగూడ, అక్కడ్నుంచి తార్నాక" అని. పాప సాయంత్రం అది విని పలక మీద రాస్తుంది, నాన్న రాత్రొచ్చి చూస్తాడు, పాప పడుకునుంటే పొద్దున బడికి పోయేటప్పుడు చెప్తాడు. ఇది డిక్టేషనే, కానీ నాన్న రోజంతా ఎక్కడ తిరిగాడో ఆ పలక మీద తెలుస్తుంది కాబట్టి పాపకి అది హోంవర్క్ లాగా అనిపించలేదు. ఒకసారి మెసేజ్ రాకపోతే తనే ఫోన్ చేయించి అడిగిందట.

ఆదివారాలు అమ్మతో ఎర్రగడ్డ రైతు బజార్‌కి వెళ్ళడం కూడా దీనికే కలిపాం. అక్కడ రోజు ధరల బోర్డు పెడతారు, కూరగాయ పేరు, పక్కన కిలో రేటు. పచ్చిమిర్చి, చిక్కుడుకాయ, ఉల్లిగడ్డ, కొత్తిమీర, అల్లం, బచ్చలికూర, మళ్ళీ అన్నీ వత్తులే. బోర్డు కదలదు, బొమ్మలుండవు, రోజూ రేటు మారుతుంది కాబట్టి బట్టీకి ఛాన్స్ లేదు. పాప బోర్డు చదివి రేటు చెప్పాక అమ్మ ఆ రేటుకే అడుగుతుంది, ఇది ముఖ్యం. చదివించి పక్కన పెట్టేసి అమ్మ మళ్ళీ తనే చూసుకుంటే పిల్లకి అర్థమైపోతుంది ఇది ఉత్తుత్తి పని అని.

తీసివేతకి: చిల్లర

ఇప్పటి పిల్లల గురించి ఒక విషయం చెప్పాలి. మనం చిన్నప్పుడు కిరాణాకి పోయి చిల్లర తెచ్చేవాళ్ళం, ఎంత తిరిగొచ్చిందో ఇంట్లో లెక్క చెప్పేవాళ్ళం. 2016 లో యూపీఐ వచ్చాక మెల్లగా ఆ పని మాయమైంది, ఫోన్ చూపిస్తారు, సౌండ్ బాక్స్ మాట్లాడుతుంది, పిల్ల చేతికి నాణెం రాదు. పది విడగొడితే పది ఒకట్లు అవుతాయన్నది చేతికి తెలియకుండానే మూడో క్లాసుకి వచ్చేస్తున్నారు, అక్కడ టీచర్ అప్పు తీసుకో అంటుంది, ఎవరి దగ్గర, ఎందుకు, ఏమీ అర్థం కాదు.

నాన్నకి ఇంకా సగం గిరాకీలు క్యాష్‌లోనే వస్తాయి. రాత్రి ఆయన డబ్బులు లెక్కపెట్టే టైంకి పాప పడుకుంటుంది కాబట్టి పొద్దున పది నిమిషాలు పెట్టుకున్నాం. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాను, మొదట్లో వంద, పది నోట్లు, రూపాయి నాణేలు మాత్రమే వాడాలి, 20, 50, 500 పక్కన పెట్టెయ్యాలి. ఎందుకంటే స్థానవిలువ అంటే పదింతలు, 50 నోటు మధ్యలో వస్తే ఆ పదింతల మెట్టు పిల్లకి కనపడదు. అది తర్వాత చేర్చుకోవచ్చు.

నూట ఐదు ఇవ్వు అంటే పాప ఒక వంద నోటు, ఐదు రూపాయి బిళ్ళలు పెట్టింది. ఇప్పుడు రాయి, వందలు ఎన్ని, పదులు ఎన్ని, ఒకట్లు ఎన్ని అంటే, పదులు లేవు కదా అన్నది, లేవు అని చెప్పడానికే సున్నా అన్నాను. 105. పక్కన తను ఇంతకుముందు రాసిన 1005 ఉంది, దాన్ని చూసి "ఇదైతే వెయ్యి కదా మేడం" అని తనే కొట్టేసింది.

62 లోంచి 37 కూడా అంతే. ఆరు పది నోట్లు, రెండు నాణేలు ముందు పెట్టి డీజిల్ అన్నకి 37 ఇచ్చెయ్ అన్నాడు నాన్న. మూడు పదులు ఇచ్చింది, ఏడు నాణేలు ఇవ్వాలి, రెండే ఉన్నాయి. తిరగేసి తీసెయ్యడానికి ఇక్కడ కుదరదు, చేతిలో ఉన్నవి రెండే. కాసేపు చూసి "చిల్లర కావాలి" అన్నది. ఆ మాట కోసమే మేమిద్దరం ఆగాం. నానమ్మ చిల్లర డబ్బా బ్యాంకు అయింది, పది నోటు ఇచ్చి పది రూపాయి బిళ్ళలు తెచ్చుకుంది, మొత్తం పన్నెండయ్యాయి, ఏడు ఇచ్చేసింది, మిగిలింది 25. నోట్‌బుక్‌లో లెక్క చేసేటప్పుడు కూడా అప్పు అనే మాట తీసేసి చిల్లర అనే అనమన్నాను, స్కూల్లో ఏ మాట వాడినా తను లోపల చిల్లర అనే అనుకుంటుంది, నాకు అదే కావాలి.

నాణేలతో చేసి, తర్వాత నోట్లు, నాణేల బొమ్మలు గీసి, ఆ తర్వాతే ఉత్త అంకెలతో. చేతితో, బొమ్మతో, గుర్తుతో అన్న ఈ వరసని 1960ల్లో జెరోమ్ బ్రూనర్ అనే సైకాలజిస్ట్ చెప్పాడు, మన బళ్ళలో మూడో దానితోనే మొదలుపెడతారు.

కొలతల నోట్‌బుక్

అమ్మ దగ్గర ఒక పొడుగు నోట్‌బుక్ ఉంటుంది, కస్టమర్ పేరు, ఛాతీ, నడుము, భుజం, చేతి పొడవు, డెలివరీ రోజు. అమ్మ కొలుస్తూ చెప్తుంది, పాప రాస్తుంది, అని పెట్టుకున్నాం. అమ్మ మొదట భయపడింది, తప్పు రాస్తే బ్లౌజు పోతుంది మేడం అని. కత్తెర పడే ముందు మళ్ళీ కొలుచుకోండి, అది ఎలాగూ మంచి అలవాటే అన్నాను. పాప మీద నమ్మకం పెట్టకపోతే ఈ పనికి విలువ లేదు.

ఇక్కడే నేను ఎదురుచూడనిది ఒకటి బయటపడింది. కొన్ని కొలతలు పాప తిరగేసి రాస్తోంది, 34 ని 43 అని. కానీ అన్నీ కాదు. అమ్మ కొన్నాళ్ళు గమనించి చెప్పింది, తెలుగులో చెప్తే కరెక్ట్‌గానే రాస్తోంది, హిందీ మాట్లాడే కస్టమర్లు వచ్చినప్పుడు తను కూడా హిందీలో చౌంతీస్ అంటే అప్పుడు తిప్పేస్తోంది అని. అసలు కారణం అదే. తెలుగులో ముప్పై నాలుగు అంటాం, పదులు ముందు, ఒకట్లు తర్వాత, రాసేదీ అదే వరసలో. హిందీలో చౌంతీస్ అంటే నాలుగు ముందు వినపడుతుంది, విన్నదే ముందు రాస్తే 43 అవుతుంది. ఇంగ్లీషులో 13 నుంచి 19 దాకా కూడా అంతే, ఒకట్లే ముందు, పైగా థర్టీన్‌కి థర్టీకి తేడా పిల్లల చెవికి సరిగ్గా ఆనదు. బోరబండ పిల్లలు గల్లీలో హిందీ, ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీష్ అంకెలు రోజూ వింటారు, మూడింటి వరస ఒకటి కాదని వాళ్ళకి ఎవరూ చెప్పరు.

కాబట్టి అంకెలన్నీ కొన్నాళ్ళు తెలుగులోనే. అది గట్టిపడ్డాక అమ్మ ఇంగ్లీషులో చెప్పడం, పాప ముందు తెలుగులో పలికి తర్వాత రాయడం. హిందీ ఆఖరికి. తిప్పి రాయడం చాలావరకు ఆగిపోయింది. ఈ పాయింట్ పట్టుకున్నది అమ్మే, నేను కాదు. రోజంతా పక్కన ఉండే మనిషి చూడగలిగింది వారానికోసారి వచ్చే టీచర్ చూడలేదు.

నానమ్మ

నానమ్మకి చదువు రాదు కాబట్టి ఆమెని ఇంతవరకు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆమెకి అష్టాచెమ్మా, వామనగుంటలు వచ్చు. వామనగుంటల చెక్క ఊళ్ళో ఉండిపోయింది, సిమెంట్ మీద సుద్దముక్కతో 14 గుంటలు గీసుకున్నారు, వరసకి 7, చింతగింజలు రైతు బజార్ చింతపండులోవే. ఆడేటప్పుడు ఆమెని ఒక్కటే అడిగాను, పాప గింజలు పంచేముందు ఆఖరి గింజ ఎక్కడ పడుతుందో చెప్పించమ్మా అని. "యాడ అయిపోతయో ముందుగాల చెప్పు బిడ్డా, గప్పుడు తియ్యి" అంటది ఆమె. వేలితో ఒక్కో గుంట తడుముకుంటూ లెక్కపెట్టిన పాప తర్వాత తర్వాత కంటితోనే చెప్పేస్తోంది.

వరసకి 7 గుంటలు ఉండటం మాకు బాగా కలిసొచ్చింది. ఏడారులు ఎంత అని అడిగితే పాటలో వెతుక్కునే పిల్ల కదా, గుంటకి 6 చొప్పున వరసంతా నింపమన్నాను. ఐదు గుంటలు ఒక పక్క, రెండు గుంటలు ఒక పక్క చెయ్యి అడ్డం పెట్టి చూపించాను, ఐదారులు 30 నీకు వచ్చు, ఈ రెండు గుంటల్లో 12, కలిపితే 42. మొదటినుంచి పాడక్కర్లేదు, తెలిసిన చోటు నుంచి దూకొచ్చు అని పాపకి మొదటిసారి అర్థమైంది ఆరోజే. తర్వాత ఏడెనిమిదులు తనే అలా చేసుకుంది, 40 కి 16.

రాత్రి పడుకునేముందు పాప నానమ్మకి కథ చదివి వినిపించాలి. తార్నాకలో మంచి పుస్తకం అనే ప్రచురణ సంస్థ వాళ్ళ దగ్గర తక్కువ రేటుకి చిన్న చిన్న పిల్లల పుస్తకాలు దొరుకుతాయి, ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఫోన్‌లోనే ఫ్రీగా తెలుగు కథలు ఉంటాయి, స్థాయిల వారీగా. కొత్త కథ అయితే ముందు అమ్మ, పాప కలిసి ఒకేసారి పైకి చదువుతారు, అమ్మ వేలు పదం కింద నడుస్తుంటుంది, రెండోసారి పాప ఒక్కతే, మూడోసారి నానమ్మకి. నానమ్మకి చదవడం రాదు కాబట్టి ఆమెకి ఆ కథ నిజంగా పాప చదివితేనే తెలుస్తుంది, మధ్యలో ఏదైనా వదిలేస్తే "అదేంది, గా నక్క యాడికి పోయింది మరి" అని అడిగేస్తది. అంతకంటే మంచి పరీక్ష నేను పెట్టలేను.

అమ్మకి నేను చెప్పినవి

ఐడియాల కంటే అమ్మ మారాల్సిన అలవాట్లకే ఎక్కువ సిట్టింగ్‌లు పట్టాయి. తొమ్మిదింటికి చదువు బంద్, ఆ టైంకి పెద్దవాళ్ళకే ఓపిక ఉండదు. స్కూల్ నుంచి రాగానే తిండి, ఆట, ఐదున్నరకి ఒక పదిహేను నిమిషాలు, అంతే. పాప ఆగిపోతే వెంటనే అందించకుండా మనసులో ఐదు లెక్కపెట్టుకోవాలి. ఇది వినడానికి తేలిక, అమ్మలకి చాలా కష్టం. తప్పు చదివితే తప్పు అనకుండా ఆ పదం కింద వేలు పెట్టి ఊరుకోవాలి, చాలాసార్లు పిల్లే సరిచేసుకుంటుంది. స్కేలు మిషన్ సొరుగులోకి వెళ్ళిపోయింది, గుడ్డ మీద గీతలకే తప్ప బయటికి రాకూడదు అనుకున్నాం, అమ్మ ఆ మాట నిలబెట్టుకుంది.

ఇంగ్లీష్ రాదన్న భయం గురించి. ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) పాఠం ఏదైనా ముందు తెలుగులో మాట్లాడుకోమన్నాను, నీళ్ళ గురించి పాఠమైతే మన నల్లా నీళ్ళు ఎప్పుడొస్తాయి, సంపులోకి ఎలా వెళ్తాయి, ట్యాంకర్ ఎప్పుడు పిలుస్తాం, అన్నీ. విషయం తెలిశాక ఇంగ్లీష్ పదాలు దానికి అతుక్కుంటాయి. 2020 జాతీయ విద్యా విధానంలో కూడా కనీసం ఐదో క్లాసు దాకా వీలైన చోటల్లా ఇంటి భాషలోనే చెప్పాలని ఉంది. స్కూలు ఇంగ్లీష్ మీడియం అయినంత మాత్రాన ఇల్లు కూడా అవ్వాలని లేదు.

స్కూల్‌తో మాట్లాడటం అంత బాగా జరగలేదు. ప్రశ్న జవాబులు ఐదేసిసార్లు రాసే హోంవర్క్ కొంచెం తగ్గించమని అడిగాం, క్లాస్ టీచర్ అర్థం చేసుకుంది, తన చేతిలో ఉన్నంత తగ్గించింది, మేనేజ్‌మెంట్ ఒప్పుకోలేదు. చిన్న పిల్లల చేత అర్థం తెలియని వాక్యాలు పదే పదే రాయించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది, ఆ టైంలో రెండు కథలు చదువుకోవచ్చు.

ఇప్పుడు ఎక్కడుంది

రెండో క్లాసు స్థాయి తెలుగు కథ పాప ఆగకుండా చదువుతోంది, అడిగితే సొంత మాటల్లో చెప్తోంది. వత్తులు చదవడం వచ్చింది, రాసేటప్పుడు మాత్రం ర వత్తు, య వత్తు ఇంకా వదిలేస్తోంది. తీసివేతలు చిల్లరతో అవసరం లేకుండా నోట్‌బుక్‌లో చేస్తోంది, మూడంకెలవాటిలో మధ్యలో సున్నా వస్తే మాత్రం తడబడుతోంది, 304 లోంచి 128 లాంటివి. అక్కడ వంద నోటుని పదులు చేసి, ఆ పదుల్లో ఒకటి మళ్ళీ ఒకట్లు చెయ్యాలి, రెండుసార్లు చిల్లర, అది ఇప్పుడు నడుస్తోంది.

ఇంగ్లీష్ అంతగా కదల్లేదు. అక్షరాల శబ్దాలు మొదలుపెట్టాం, చిన్న పదాలు కూడబలుక్కుంటోంది, బీ, డీ ఇంకా తిప్పేస్తోంది. డిస్లెక్సియానా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) అని నాన్న ఎక్కడో విని అడిగాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దాన్ని కూడా చేర్చారు, సర్టిఫికెట్ 8 ఏళ్ళు నిండిన పిల్లలకే ఇస్తారు, పాపకి ఆ వయసు ఉంది. కానీ తెలుగులో సరిగ్గా నేర్పిన కొన్ని నెలలకే ఇంత కదిలింది కాబట్టి నా అభిప్రాయం ఏంటంటే, ఇంగ్లీష్ కూడా అదే ఓపికతో వేసవి దాకా చెప్పి, అప్పటికీ బీ, డీ దగ్గర, స్పెల్లింగ్ దగ్గర ఆగిపోతుంటే అసెస్‌మెంట్‌కి పంపుదాం. పేరు పెట్టడానికి భయపడక్కర్లేదు, తొందరా అక్కర్లేదు, రెండూ వాళ్ళకి చెప్పాను.

నాలుగో క్లాసులో భిన్నాలు ఎక్కువవుతాయి. దానికి ఈ ఇంట్లో రెండు దారులున్నాయి. నానమ్మకి పాత కొలతలు తెలుసు, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, అంటే మానికలో సగం తవ్వ, పావు సోల, బియ్యం డబ్బా దగ్గరే కొలిచి చూసుకోవచ్చు. అమ్మ దగ్గర టేపు, నాలుగు మడతల గుడ్డ ఉన్నాయి. ఛాతీ 36 అయితే నాలుగో వంతు 9, పైన కుట్లకి కొంచెం వదులుతుంది, 34 అయితే ఎనిమిదిన్నర, 38 అయితే తొమ్మిదిన్నర. రెండు అంగుళాలు పెరిగితే నాలుగో వంతు అర అంగుళం ఎందుకు పెరిగింది అన్న ప్రశ్న సెలవుల్లో పాపని అడగమని అమ్మకి చెప్పాను, జవాబు మాత్రం ముందే చెప్పొద్దు, గుడ్డ మడతపెట్టి తనే చూసుకోనివ్వమన్నాను.